అమీనా వచ్చి జీపు తాళాలు అడిగిన రోజు

1991 ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కోర్టు అమీనా, అంటే కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి ఒకాయన, వెంట ఒక బంట్రోతును పెట్టుకొని, ఒక రెవెన్యూ కార్యాలయం మెట్లెక్కి, అధికారి గది ముందు నిలబడి, చేతిలోని వారంటు చదివి వినిపించడం నేను కళ్లారా చూశాను. అప్పుడు నేను కర్నూలు ఉస్మానియా కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. మా నాయనతోపాటు మా పాత ఊరివాళ్లు మరో ఆరేడుగురు కార్యాలయం బయట వేపచెట్టు నీడలో కూర్చొని ఉన్నారు. వాళ్లలో ఎవరికీ లోపలికి వచ్చే ధైర్యం లేదు, డిగ్రీ చదువుతున్నవాణ్ని కదా అని నన్ను పంపారు. వారంటులో రాసి ఉన్న వస్తువులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి: ఒక జీపు, రెండు టైపు మిషన్లు, ఎనిమిది కుర్చీలు, రెండు ఇనుప బీరువాలు, సీలింగు ఫ్యాన్లు. కార్యాలయం ఏది, ఏ ఊళ్లో అన్నది ఇక్కడ అవసరం లేదు.

సూపరింటెండెంటుగారు కోపంతో లేచి నిలబడితే, ఆ అమీనా గొంతు పెంచకుండా, "సార్, మీమీద నాకేం కోపం ల్యాదు. సబ్‌జడ్జిగారు వారంటు ఇచ్చినారు, వచ్చినా. తాళాలు ఇయ్యండి, లేదంటే ఇయ్యలేదని రాసుకొని పోతా" అన్నాడు. ఆ ఒక్క మాటకు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. ఈలోగా బయట డ్రైవరు జీపు దగ్గరికి వెళ్లి, సీటు కింద పెట్టుకున్న తన సద్ది గిన్నెనూ, భుజం తువ్వాలునూ ముందుజాగ్రత్తగా తీసుకున్నాడు. అధికారుల కంటే అతనికే సంగతి ముందు అర్థమైందని నాకు అనిపించింది.

విషయం ఏమిటంటే, శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నిలిచినప్పుడు మునిగిపోయిన పల్లెల్లో మాదీ ఒకటి. వేసవిలో నీటిమట్టం తగ్గి సంగమేశ్వరాలయం బయటపడే రోజుల్లో, మా పాత ఇళ్ల పునాదిరాళ్లు కూడా కొన్ని బురదలోనుంచి తేలుతాయి. ప్రభుత్వం మా భూములను 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకుంది. భూమి తీసుకునేది ప్రభుత్వమే, దానికి ధర కట్టేది కూడా ప్రభుత్వ అధికారే. ఆ ధర తక్కువని తలచినవాడు చేయగలిగిన పని ఒకటే ఉండేది: ఆ చట్టం 18వ సెక్షన్ కింద, తన కేసును సివిల్ కోర్టుకు పంపమని అడగడం. మా నాయనవాళ్లు అడిగారు. ఏళ్ల తరబడి వాయిదాలు నడిచాయి. చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ అయిన దస్తావేజులు చూసి, సాక్షులను విని, సబ్‌జడ్జి ధర పెంచుతూ తీర్పు ఇచ్చాడు. దానిమీద 30 శాతం సొలేషియం, అంటే బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం, వడ్డీ కూడా కలిపి చెల్లించమన్నాడు. ప్రభుత్వం చెల్లించలేదు. ప్రభుత్వం మీద డిక్రీ ఉన్నప్పుడు, మూడు నెలలపాటు అది చెల్లించకుండా ఉంటేనే జప్తుకు వీలని సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్ చెప్తుంది. మూడు నెలలు కాదు, ముప్పై నెలలు చూసి, డిక్రీని అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేశారు. అప్పుడు వచ్చాడు అమీనా.

ఆ రోజు నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటుంది, దాన్ని ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. ఆ సబ్‌జడ్జికి ప్రతి నెలా జీతం ఇచ్చేది ఏ ఖజానా? ఆ జీపుకు డీజిలు పోయించేది ఏ ఖజానా? రెండూ ఒకటే. ఆయన ఉండే క్వార్టర్సు ప్రభుత్వానిది, ఆయన తీర్పు రాసే కాగితం ప్రభుత్వానిది, ఆయన బల్లముందు నిలబడి "ఈ ధర ఎక్కువ, తగ్గించండి" అని వాదించినవాడు ప్రభుత్వ ప్లీడరు. అలాంటి మనిషి, ప్రభుత్వ కార్యాలయంలో కుర్చీలు మోసుకు రమ్మని సంతకం పెట్టి, మరునాడు యథాప్రకారం కోర్టుకు వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ఏమీ కాలేదు. మా ఊరివాళ్లకు అది వింతగా తోచింది. మా ఊళ్లో కరణం మాటకు ఎదురు చెప్పినవాడి పాసుపుస్తకం ఏళ్లకేళ్లు వచ్చేది కాదు మరి.

తరువాత నేను లా చదివి, ఈ కర్నూలులోనే నల్లకోటు వేసుకున్నాను. అప్పుడే ఆ ప్రశ్నకు జవాబు రాజ్యాంగంలో పెద్దగా ఎవరూ చదవని ఒక చోట ఉందని తెలిసింది. స్వతంత్ర న్యాయవ్యవస్థ అనగానే అందరూ సుప్రీంకోర్టును, పార్లమెంటును తలచుకుంటారు. నా మట్టుకు నేను 235వ అధికరణాన్ని తలచుకుంటాను. జిల్లాలోని కింది కోర్టుల జడ్జీల పోస్టింగులు, పదోన్నతులు, సెలవులు హైకోర్టు అదుపులో ఉండాలని అది చెప్తుంది. మంత్రి చేతిలోనో, కలెక్టరు చేతిలోనో కాదు. వినడానికి ఇది చప్పని విషయం, సెలవు చీటీ ఎవరు మంజూరు చేస్తారన్న సంగతి. కానీ మన జిల్లాల్లో ఒక తాసిల్దారు ఎమ్మెల్యేకు నచ్చని సర్టిఫికెట్ ఇచ్చిన వారంలోపల ఎక్కడికి బదిలీ అవుతాడో, ఒక ఎస్ఐ ఎవరి మనిషిని స్టేషనుకు పిలిపిస్తే రాత్రికి రాత్రి పోస్టింగు పోయి వీఆర్‌కు వెళ్తాడో ఎరిగినవారికి, ఆ సెలవు చీటీ విలువ వేరుగా చెప్పనక్కర్లేదు. ఆ సబ్‌జడ్జి బదిలీ కాగితం కలెక్టరు కార్యాలయంలో తయారయ్యే పనైతే, ఆ జీపు జప్తు వారంటు మీద సంతకం పడేదా?

హైకోర్టు జడ్జీల సంగతికి వస్తే, వారి జీతభత్యాలు రాష్ట్ర సంచిత నిధి మీద నేరుగా భారంగా పడతాయి, శాసనసభ వాటిని ఓటింగుకు పెట్టడానికి లేదు. వారిని తొలగించాలంటే పార్లమెంటు రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులమంది కావాలి. సుప్రీంకోర్టు జడ్జీలకూ ఇదే పద్ధతి. 1993లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ వి. రామస్వామి మీద వచ్చిన తొలగింపు తీర్మానం, లోక్‌సభలో పాలక పక్షం ఓటింగుకు దూరంగా ఉండడంతో వీగిపోయింది. అంత గట్టి రక్షణ ఉంటే తప్పు చేసిన జడ్జి కూడా దాని వెనుక దాక్కోగలడని ఆ ఒక్క ఉదాహరణ చూపించింది. నేను ఆ లోపాన్ని కాదనను.

ఇక్కడ మన సీమ చరిత్రలోని ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అధికారం, తీర్పు ఒకే చేతిలో ఉండడం మనకు కొత్త కాదు, పైగా అది ఒక మంచివాడి చేతి మీదుగా వచ్చింది. 1800లో నిజాం ఈ దత్త మండలాలను కంపెనీకి ఇచ్చాక మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురం వచ్చిన థామస్ మన్రోను మనవాళ్లు దేవుడిలా చూశారు, పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో ఆయన చనిపోయాడు. రైతును నేరుగా పలకరించి, పొలం గట్టుమీద కూర్చొని శిస్తు కట్టించిన మనిషి. ఆయన పేరు మా ఇంట్లో గౌరవంతోనే పలికేవారు. కానీ 1802లో మద్రాసు రాజధానిలో జిల్లా కోర్టులు పెట్టి, శిస్తు వసూలు చేసేవాడి నుంచి న్యాయాన్ని, పోలీసును వేరు చేసిన పద్ధతిని, ఆయన నాయకత్వంలోని కమిషన్ సిఫార్సుల మీద 1816లో చాలామటుకు తిరగదోడి, పోలీసునూ మేజిస్ట్రేటు అధికారాన్నీ మళ్లీ కలెక్టరు చేతికే ఇచ్చారు. ఆయన వాదనలో బలం లేకపోలేదు: దూరాన ఎక్కడో ఉన్న, భాష రాని జడ్జికంటే, ఊరు తెలిసిన కలెక్టరు త్వరగా న్యాయం చేస్తాడన్నాడు. మన్రో కలెక్టరుగా ఉన్నంతకాలం అది నిజమే కావచ్చు. ఆయన వెనుక వచ్చిన కలెక్టర్లందరూ మన్రోలు కారు కదా.

శిస్తు వసూలు చేసేవాడే, శిస్తు కట్టలేదన్నవాణ్ని శిక్షించే ఆ పద్ధతి మీద కాంగ్రెసు పెద్దలు తొలినుంచీ తగువు పెట్టుకున్నారు. రాజ్యాంగం 50వ అధికరణం, కార్యనిర్వాహక శాఖ నుంచి న్యాయశాఖను వేరు చేయడానికి రాజ్యం చర్యలు తీసుకోవాలని చెప్పింది. దేశమంతటా జ్యుడీషియల్ మేజిస్ట్రేట్లను హైకోర్టుల కిందికి తెచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1న గాని అమలుకు రాలేదు. ఆ తరువాత కూడా ఒక ముక్క పాత పద్ధతిలోనే మిగిలింది, మన సీమవాళ్లకు దాని పేరు బాగా తెలుసు: బైండోవర్. ఎన్నికలు వచ్చినా, ఊళ్లో జాతర వచ్చినా, పాత కక్షలున్న పల్లెల్లో రెండు వర్గాలవాళ్లనూ పోలీసులు తాసిల్దారు ముందుకు తీసుకువచ్చి, ఇంత సొమ్ముకు పూచీకత్తు రాయించుకుంటారు. ఇది నిన్నటిదాకా 107వ సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 126వ సెక్షను. అక్కడ కూర్చున్న తాసిల్దారు ఆ పూట మేజిస్ట్రేటే. కానీ ఆయన పోస్టింగు ఎవరి చేతిలో ఉందో రెండు వర్గాలకూ తెలుసు. అందుకే, అధికార పక్షం మనుషులకు ఒక రకం పూచీ, అవతలివాళ్లకు ఒక రకం పూచీ అన్న గొణుగుడు ఆ వరండాల్లో ఎప్పుడూ వినిపిస్తుంది. తాసిల్దారు ధర్మంగా చేసినా ఆ గొణుగుడు పోదు. ఆయన నిజాయితీ ఎంత గొప్పదైనా, ఆయన కుర్చీకి ఉన్న తాడు ఎవరి చేతిలో ఉందన్నదే జనం చూస్తారు.

ఈ తాడు సంగతిలో మన కర్నూలు జిల్లాకు దేశ న్యాయచరిత్రలో ఒక పేజీ ఉంది, మనవాళ్లలోనే చాలామందికి తెలియదు. అది బస్సుల కేసు. 1960ల మొదట్లో ప్రైవేటు బస్సు రూట్లను ఒక్కో జిల్లాగా ఆర్టీసీకి అప్పగిస్తున్నారు. ఏ జిల్లా ముందు, ఏది వెనుక అన్న వరుస ఒకటి అనుకున్నారు. ఆ వరుసను మార్చి కర్నూలు జిల్లా రూట్లను ముందుకు తెచ్చారు. బస్సు యజమానులు కోర్టుకు ఎక్కారు. తమలో కొందరు ఎన్నికల్లో ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా పనిచేశారనీ, ఆ కక్షతోనే ఆయన కార్పొరేషన్ చేత వరుస మార్పించారనీ వారి ఆరోపణ. అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టి, 1962లో మన డోన్ నుంచి శాసనసభకు ఎన్నికైనవాడు. హైకోర్టులో యజమానులు ఓడిపోయి, సుప్రీంకోర్టుకు వెళ్లారు.

అక్కడ తీర్పు ఏ పెద్ద సిద్ధాంతం మీదా తిరగలేదు, ఒక్క అఫిడవిట్ మీద తిరిగింది. ముఖ్యమంత్రి మీద పేరు పెట్టి, ప్రమాణం చేసి, ఇన్ని వివరాలతో ఆరోపిస్తే, ప్రభుత్వం తరఫున అధికారులు జవాబు దాఖలు చేశారు గాని, ముఖ్యమంత్రి మాత్రం "ఇది అబద్ధం" అని తన సంతకంతో ఒక కాగితం వేయలేదు. తన మనసులో ఏముందో చెప్పగలిగినవాడు ఆయన ఒక్కడే, ఆయన చెప్పలేదు కాబట్టి ఆరోపణకు ఖండన లేదని కోర్టు భావించి, 1964 ఆరంభంలో ఆ రూట్ల అప్పగింత పథకాలను కొట్టేసింది. ఆయనను ఎవరూ జైలుకు పంపలేదు, జరిమానా వేయలేదు, పదవి దిగమని కూడా తీర్పులో ఎక్కడా లేదు. అయినా ఆ ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆ రాజీనామా వెనుక పార్టీ లోపలి లెక్కలు కూడా ఉండి ఉండవచ్చు, రాజకీయాల్లో ఏ పనికీ ఒకే కారణం ఉండదు. అయితే కొన్ని నెలలకే ఆయన లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో చేరారు, 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఒక తీర్పుకు తలవంచినందువల్ల ఆయన రాజకీయ జీవితం ముగియలేదన్నది మాత్రం లెక్కలో రాసుకోదగిన సంగతి.

ఆ కేసుకు కొద్ది ఏళ్ల ముందు ఇలాంటి బస్సు తగాదాయే కృష్ణా జిల్లా నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. అందులో మెజారిటీ తీర్పు రాసినవాడు కోకా సుబ్బారావు, గుంటూరులో ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా చేసినవాడు. బస్సు యజమానుల అభ్యంతరాలను విన్నది రవాణాశాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. విన్నవాడొకడు, తీర్పు చెప్పినవాడు ఇంకొకడైతే అది విచారణే కాదన్నారు. పైగా ఆ కార్యదర్శి పథకాన్ని నడిపించే శాఖకే అధిపతి. మా ఊరి రైతు భాషలో చెప్పాలంటే, దొడ్డికి పశువులను తోలినవాడే బందెలదొడ్డి జరిమానా కూడా వేస్తే ఎట్లా అన్నది ఆ తీర్పు సారాంశం. సుబ్బారావు పట్ల నాకు ఉన్న గౌరవానికి ఒక్క చోట కొరత ఉంది. 1967లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి, వెంటనే ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. ఆయన తీర్పుల్లో దోషం ఉందని కాదు. కానీ ఓడిన ప్రతి ప్రభుత్వ ప్లీడరూ ఆ రోజునుంచి వెనక్కి తిరిగి ఆయన తీర్పులను అనుమానంగా చదివే అవకాశం దొరికింది. పదవీ విరమణ చేసిన మరుసటి నెలలోనే పదవులు పుచ్చుకునే ఈ కాలపు పెద్దల గురించి కూడా నా అభిప్రాయం అదే, పార్టీ ఏదైనా.

ఎమర్జెన్సీ కథ అందరికీ తెలిసిందే కనుక క్లుప్తంగా ముగిస్తాను. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో ఏడుగురు అటు, ఆరుగురు ఇటుగా, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు కూడా మార్చజాలదన్న తీర్పు వచ్చిన వెంటనే, సీనియర్లు ముగ్గురిని దాటించి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. 1976లో, ఎమర్జెన్సీలో నిర్బంధితుడికి కోర్టు తలుపు కూడా మూసుకుంటుందా అన్న కేసులో నలుగురు అవునన్నారు, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడు కాదన్నాడు, మరుసటి ఏడాది ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు రాలేదు. కానీ నేను ఎక్కువగా తలచుకునేది అంతకంటే చిన్న సంగతి, బదిలీల సంగతి. ఆ కాలంలో పదహారుమంది హైకోర్టు జడ్జీలను వారి ఇష్టంతో పని లేకుండా వేరే రాష్ట్రాలకు పంపారు. మన హైకోర్టులోని ఓ. చిన్నపరెడ్డిని పంజాబ్, హర్యానా హైకోర్టుకు పంపారు, గుజరాత్ నుంచి సంకల్‌చంద్ శేఠ్‌ను మన హైదరాబాదుకు పంపారు. శేఠ్ వచ్చి బాధ్యతలు తీసుకొని, తన బదిలీ మీద తానే రిట్ వేశారు. 1977లో సుప్రీంకోర్టు, జడ్జి అంగీకారం అవసరం లేదు గాని, ప్రధాన న్యాయమూర్తితో జరిపే సంప్రదింపు పేరుకు మాత్రం జరిగితే చాలదని చెప్పింది. చూడండి, ఆ సబ్‌జడ్జి దగ్గరైనా, హైకోర్టు జడ్జి దగ్గరైనా, లొంగదీయాలనుకున్నవాడు వెతికేది ముందుగా ఆ బదిలీ కాగితాన్నే.

దీనికి విరుగుడుగా 1993లో, 1998లో సుప్రీంకోర్టే కొలీజియం పద్ధతిని రూపొందించుకుంది. జడ్జీలను జడ్జీలే ఎంచుకుంటారు. 2014లో పార్లమెంటు 99వ రాజ్యాంగ సవరణతో జాతీయ న్యాయ నియామకాల కమిషన్ తెస్తే, 2015 అక్టోబరులో నలుగురు కొట్టేశారు, మన తెలుగువాడు జాస్తి చలమేశ్వర్ ఒక్కరు ఒప్పుకోలేదు. ఆయనే 2018 జనవరి 12న మరో ముగ్గురు జడ్జీలతో పత్రికల ముందుకు వచ్చి, కేసుల పంపకం సరిగా లేదని చెప్పారు. అంటే తాడు ప్రభుత్వం చేతిలోనే కాదు, కోర్టు లోపల కూడా ఒకరి చేతిలో పోగవుతుందని. కొలీజియంలో బంధుప్రీతి ఉందనీ, ఎవరిని ఎందుకు కాదన్నారో చెప్పరనీ బారు గదుల్లో అనుకునే మాటల్లో చాలావాటితో నేను ఏకీభవిస్తాను. అయినా, ప్రతి రెండో కేసులోనూ కక్షిదారుగా ఉండే ప్రభుత్వం చేతికే జడ్జి ఎంపికను మళ్లీ ఇవ్వమంటే మాత్రం నా చేయి పైకి లేవదు. తలుపు తెరిచి, గదిలో వెలుతురు పెట్టమనాలి గాని, ఇంటి తాళాలు అవతలి కక్షిదారుకు ఇమ్మనకూడదు.

ఇప్పుడు అసలు మనవాళ్లతో నాకున్న తగాదా దగ్గరికి వస్తాను. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, రాజధాని గాని హైకోర్టు గాని ఏది కావాలో ముందుగా కోరుకునే హక్కు రాయలసీమది. 1953లో కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది, 1956లో రెండూ హైదరాబాదుకు పోయాయి. 2020లో ప్రభుత్వం కర్నూలును న్యాయ రాజధాని చేస్తామంటూ చట్టం చేసినప్పుడు నేనూ సంతోషించాను, దాచడం ఎందుకు? బుధవారపేటలో టీ బంకు దగ్గర మిఠాయి పంచినవాళ్లలో నేనూ ఒకణ్ని. అది నెరవేరలేదు. ఆ చట్టాలను ప్రభుత్వమే 2021 నవంబరులో రద్దు చేసుకుంది, 2022 మార్చి 3న హైకోర్టు, రాజధానిని మార్చే అధికారం శాసనసభకు లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో పెట్టిన కొన్ని గడువుల మీద తరువాత నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది కూడా. కానీ ఆ మార్చి సాయంత్రం అదే టీ బంకు దగ్గర నేను విన్నమాట ఒకటే: "అమ్ముడుపోయినారు సార్, జడ్జీలు."

ఆ మాట అన్నవాడు నా కక్షిదారే. అంతకు ముందు నెల అతనికి అనుకూలంగా పొలం గట్టు తగాదాలో ఇంజంక్షన్ వచ్చినప్పుడు, ధర్మం ఇంకా ఉంది సార్ అంటూ నాకు దండం పెట్టాడు. ఆ నెల రోజుల్లో జడ్జీల ధర్మం ఎక్కడికి పోయిందో నాకు అర్థం కాలేదు. నా వృత్తిలో ఈ జబ్బును రోజూ చూస్తాను. గెలిచినవాడికి జడ్జి దేవుడు, ఓడినవాడికి అమ్ముడుపోయినవాడు. ప్రభుత్వాలూ ఇదే మాటను కాస్త నాజూకుగా అంటాయి. ఓడినవాడి చేత కూడా, "సరే, ఒప్పుకోను, పైకోర్టుకు పోతా" అనిపించగలిగితేనే ఆ కోర్టు నిలబడినట్టు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నా మిత్రులకు నచ్చదు. 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, మన హైకోర్టు ప్రధాన స్థానం ఎక్కడ ఉండాలో నిర్ణయించేది రాష్ట్రపతి ఉత్తర్వు. 2019 జనవరి 1 నుంచి అమరావతి ప్రధాన స్థానంగా హైకోర్టు పనిచేస్తున్నదీ అలాంటి ఉత్తర్వు ప్రకారమే. కర్నూలులో కొందరు జడ్జీలు కూర్చొని కేసులు వినాలంటే, గవర్నరు ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి ఆ చోటును నియమించాలి. రాష్ట్ర ప్రభుత్వం తనంతట తాను హైకోర్టును బండికెత్తి ఒక ఊరినుంచి ఇంకో ఊరికి తోలలేదు. మన ఊరికి తోలుతుందనుకున్నప్పుడు ఈ నియమం మనకు కంటకంగా కనిపించింది. కానీ ఒక ముఖ్యమంత్రి తనకు నచ్చని తీర్పు వచ్చిందని హైకోర్టును మార్చగలిగితే, ఆ హైకోర్టు మన ఊళ్లో ఉన్నా మనకు దేనికి? జడ్జి బదిలీ కాగితం గురించి ముందు చెప్పిన మాటే, ఇక్కడ మొత్తం కోర్టుకు వర్తిస్తుంది.

అలాగని కర్నూలులో బెంచి అడగడం మానమని కాదు. 2024 నవంబరులో శాసనసభ అందుకు తీర్మానం చేసింది, అది త్వరగా రావాలనే కోరుకుంటున్నాను. ఆదోని అవతలి పల్లెనుంచి ఒక ముసలాయన రాత్రంతా బస్సులో కూర్చొని అమరావతికి వెళ్లి, కేసు పిలుపుకు రాక, మళ్లీ రాత్రంతా ప్రయాణం చేసి తిరిగి వచ్చేసరికి, ఆ ఖర్చులోనే సగం న్యాయం కరిగిపోతుంది. దగ్గరలో కోర్టు లేనప్పుడు, ఉన్న కోర్టులో పదేళ్లకూ వాయిదాలు తెగనప్పుడు, ఊరి పెద్ద దగ్గర సెటిల్‌మెంటుకు పోయినవాణ్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆ పెద్ద సాయంత్రానికే తేలుస్తాడు. ఎవరి పక్షాన తేలుస్తాడన్నది వేరే సంగతి. జడ్జి ఎంత స్వతంత్రుడైనా, తీర్పు వచ్చేలోపు కక్షిదారు చనిపోతే ఆ స్వాతంత్ర్యం ఎవరు చూసినట్టు? మా వేపచెట్టు కింద కూర్చున్నవాళ్లలో ఇద్దరు డబ్బు చేతికి రాకముందే పోయారు.

జీపు సంగతి చెప్పకుండా వదిలేశాను. ఆ రోజు దాన్ని ఎవరూ తోలుకుపోలేదు. అధికారి ఎవరెవరికో ఫోన్లు చేశాడు, ప్రభుత్వ ప్లీడరు కోర్టుకు పరుగెత్తి ఆరు వారాల గడువు తెచ్చుకున్నాడు. అమీనా వారంటు వెనుక నాలుగు ముక్కలు రాసుకొని, మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. డ్రైవరు తన సద్ది గిన్నెను మళ్లీ సీటు కింద పెట్టుకున్నాడు. ఆరు వారాలు నాలుగు నెలలై, డబ్బు కోర్టులో జమ అయింది. మా నాయన చెక్కు పిటిషన్ వేయించి తన వాటా తీసుకొని, దానితో కొత్త ఊళ్లో మూడెకరాలు కొన్నాడు.

ఆ మూడెకరాల్లోనే పక్క పొలం ఆయనతో గట్టు తగాదా వచ్చింది. అదే కోర్టు, వేరే జడ్జి. అప్పటికి నేను కొత్తగా నల్లకోటు వేసుకున్నాను, కానీ సొంత కేసు కనుక మా సీనియర్‌గారే వాదించారు. ఓడిపోయాము. గట్టు మాది కాదని, సర్వే రాయి అవతలి పక్షం చూపినచోటే ఉందని తేలింది. సాయంత్రం ఇంటికి వచ్చిన నాయన చెంబుతో కాళ్లు కడుక్కుంటుంటే, మా అమ్మ వాకిట్లోకి వచ్చి, "ఏమైంది? జడ్జి ఏమన్నాడు?" అని అడిగింది. అవతలివాళ్లు ఎవరినో పట్టుకున్నారని ఊళ్లో అప్పటికే అనుకుంటున్నారు, ఆమెకూ ఆ మాట చెవిన పడింది.

నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకొని, "పోయింది. తీర్పు నకలుకు అర్జీ పెట్టి వచ్చినా" అన్నాడు.